మూగజీవి చేయు పరిచర్య

ధ్యాన భాగములు: లూకా 16:19–21; యోబు 2:11–13; సామెతలు 12:10



ధనవంతుడు, లాజరు అను వారిని గూర్చి మన ప్రభువు చెప్పిన కథ మన సంఘములలో చిన్నబిడ్డలు సహితము ఎరిగినదే. ఖరీదైన బట్టలు, దినదినము విందు, వాకిట కురుపులతో పడియున్న బీదవాడు, ఇవన్నియు మన కన్నులకు కట్టినట్లుండును. అయితే ఆ కథలోని ఒక చిన్న సంగతిని మనము తరచుగా దాటిపోవుదుము. లాజరు పడియున్న చోటికి ధనవంతుడు వచ్చినట్లు వ్రాయబడలేదు. అతని యింటివారు గాని సేవకులు గాని వచ్చినట్లును వ్రాయబడలేదు. వాని దగ్గరకు వచ్చినవి కుక్కలు.

సెమినరీలో మాకు నేర్పిన గురువులు ఈ సంగతిని రెండు విధములుగా వివరించుచుండిరి. కుక్కలను తోలుకొనుటకైనను శక్తి లేనంతగా లాజరు కృశించెనని కొందరి భావము. మనుష్యులు చూపని కనికరమును మూగజీవులు చూపెనని మరికొందరి భావము. ఏది సరియైనను ఒక్క సంగతి మారదు. మనుష్యులు దాటిపోయిన చోటికి ఒక మూగజీవి దగ్గరగా వచ్చెను. ఈ మాసము ఆ సంగతిని మనస్సునందుంచుకొని, బడిపిల్లల మేలు కొరకు కొన్ని దేశములలో జరుగుచున్న ఒక పనిని గూర్చి మీకు తెలియజేయగోరుచున్నాము. ఆ పని బడిలోనికి కుక్కను తెచ్చుట.

“బడిలోనికి కుక్కయా?” అని మీరు నవ్వుదురేమో. మన పల్లెలలో మధ్యాహ్న భోజనపు వేళ కుక్క వరండా ఎక్కినయెడల మాష్టరుగారు బెత్తము తీసికొని తరుముదురు. అది సరియే. మేము చెప్పుచున్నది వీధిలో తిరుగు కుక్కను గూర్చి కాదు. అమెరికా, ఇంగ్లాండు మొదలైన దేశములలో థెరపీ డాగ్ అనబడు కుక్క కలదు. దానిని మనము ఓదార్పు కుక్క అనవచ్చును. గ్రుడ్డివానికి దారి చూపు కుక్క తన ఒక్క యజమానునికే సేవ చేయును. ఓదార్పు కుక్క అట్లు కాదు. అది తనను పెంచిన మనిషితో కలిసి బడులకు, ఆసుపత్రులకు, వృద్ధుల ఆశ్రమములకు వెళ్లి, అక్కడ తన అవసరము గలవారందరి ప్రక్కన కూర్చుండును. దానికి వేరొక విద్య అక్కరలేదు. నెమ్మదియే దాని విద్య.

ఈ తలంపు నిన్న మొన్న పుట్టినది కాదు. 1796లో ఇంగ్లాండులోని యార్క్ పట్టణమున క్వేకరు క్రైస్తవులు మతి చలించినవారి కొరకు ఒక ఆశ్రమము తెరచిరి. ఆ దినములలో అట్టివారిని గొలుసులతో కట్టివేయుట వాడుక. క్వేకరులు దానికి మారుగా వారిని దయతో చూచి, తోటలో కుందేళ్లను, కోళ్లను పెంచి, రోగులు వాటితో కాలము గడుపునట్లు చేసిరి. ప్రాణుల యెడల దయ చూపుచు చూపుచు ఆ రోగుల మనస్సు కుదుటపడుట వారు కనిపెట్టిరి.

తరువాత అమెరికాలోని న్యూయార్క్ నగరమున బోరిస్ లెవిన్సన్ అను పిల్లల మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉండెను. ఆయనకు జింగిల్స్ అను కుక్క ఉండెను. ఒక దినమున ఎవరితోను కలియని ఒక పిల్లవానిని తలిదండ్రులు చెప్పిన వేళకంటె ముందుగానే తీసికొనివచ్చిరి. రోగులు వచ్చు వేళకు వేరుగా ఉండవలసిన కుక్క అప్పుడు ఆయన కాళ్లయొద్దనే పండుకొనియుండెను. అది లేచి పోయి పిల్లవానిని నాకెను. పిల్లవాడు భయపడలేదు. దానిని కౌగిలించుకొనెను. తరువాత వచ్చిన దినములలో వాడు మొదట కుక్కతో ఆడుకొనెను, మెల్లమెల్లగా ఆయనతోను మాటలు కలిపెను. మనిషికి తెరువని తలుపు కుక్కకు తెరువబడెను, ఆ తలుపు గుండ మనిషియు లోపలికి వెళ్లెను. లెవిన్సన్ ఈ అనుభవమును 1962లో వ్రాసి ప్రకటించినప్పుడు తోటి శాస్త్రజ్ఞులలో కొందరు ఎగతాళి చేసిరి. అయినను ఆ త్రోవను తరువాత అనేకులు నడిచిరి.

ఇక బడిలో ఈ కుక్క వలన కలుగు మేళ్లను ఒక్కొక్కటిగా చూతము.

మొదటి మేలు, భయము తగ్గుట. భయపడిన బిడ్డకు పాఠము ఎక్కదు. గుండె కొట్టుకొనుచుండగా, అరచేతులు చెమర్చుచుండగా, నిన్న వచ్చిన ఎక్కము నేడు మరపునకు వచ్చును. ఇది మొండితనము కాదు, శరీర ధర్మము. భయము కలిగినప్పుడు శరీరములో కార్టిసాల్ అను ద్రవ్యము హెచ్చును. 1983లో ఎరికా ఫ్రీడ్‌మన్ అను ఆమెయు ఆమె తోటివారును పిల్లల రక్తపుపోటును కొలిచి, గదిలో కుక్క ఉన్నప్పుడు బిగ్గరగా చదువు పిల్లలలో సహితము అది తక్కువగా ఉండుట చూచిరి. ఇంగ్లాండులోని లింకన్ విశ్వవిద్యాలయమువారు 2022లో ప్రకటించిన పరిశోధనలో 8, 9 ఏండ్ల పిల్లలు పాల్గొనిరి. 105 మంది మామూలు బడుల పిల్లలు, 44 మంది ప్రత్యేక శ్రద్ధ కావలసిన పిల్లల బడులవారు. వారిలో కొందరు నాలుగు వారములపాటు, వారమునకు రెండు మారులు, ఇరువది నిమిషముల చొప్పున కుక్కతో గడిపిరి. పిల్లల ఉమ్మిని పరీక్షించి చూడగా, కుక్కతో గడిపిన పిల్లలలో ఆ కార్టిసాల్ తక్కువగా ఉండెను. ఇరువది నిమిషములు ఎంతటి కాలము! మనము కల్లము దగ్గర ఒక చుట్ట కాల్చుకొను కాలము. ఆ కొద్ది కాలములో ఒక బిడ్డ గుండె నెమ్మదించును.

రెండవ మేలు, నోరు తెరచి చదువుట. 1999లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పట్టణమున ఇంటర్‌మౌంటెన్ థెరపీ యానిమల్స్ అను సంస్థవారు ఒక ఏర్పాటు మొదలుపెట్టిరి. చదువలేక తడబడు పిల్లలు పట్టణ గ్రంథాలయములో కుక్క ప్రక్కన చాప మీద కూర్చుండి, దానికి పుస్తకము చదివి వినిపింతురు. తరువాత అది బడులకును వ్యాపించెను. కుక్కకు కథ తెలియునా? తెలియదు. అదియే దాని గొప్పతనము. తడబడిన బిడ్డను అది నవ్వదు. తప్పు చదివినయెడల “మళ్లీ చదువు” అని కసరదు. ముందు వరుసలోని తెలివిగల పిల్లవాని వైపు తిరిగి “నీవు చెప్పరా” అనదు. తల ఆ బిడ్డ మోకాలి మీద ఆనించి వినుచుండును. బిడ్డ ఒక పుట చదువును, మరియొక పుట త్రిప్పును. చదువుట అలవాటగును. అలవాటైనది సులువగును.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన పల్లెలలో పాఠము రాని పిల్లవానిని “కుక్కా” అని తిట్టుట మీరును వినియున్నారు. మన తాతముత్తాతలను సహితము ఆ పేరుతో పిలిచి వాకిటినుండి తరిమినవారు కలరు. కనాను స్త్రీ మన ప్రభువును వేడుకొనినప్పుడు ఆ మాట ఆమె చెవినను పడెను. ఆమె దానిని పట్టుకొనియే, బల్ల క్రింది ముక్కలలో తనకును పాలు కలదని అడిగెను. ప్రభువు ఆమె విశ్వాసమును మెచ్చుకొనెను. ఆలోచించుడి. మనము బిడ్డను అవమానించుటకు ఏ ప్రాణి పేరు వాడుచున్నామో, ఆ ప్రాణియే వేరొక చోట అట్టి బిడ్డ ప్రక్కన కూర్చుండి వాని సిగ్గును పోగొట్టుచున్నది.

మూడవ మేలు, దుఃఖములో తోడు. 2012 డిసెంబరు 14న అమెరికాలోని న్యూటౌన్ అను ఊరిలో ఒక యౌవనస్థుడు శాండీ హుక్ పాఠశాలలో ప్రవేశించి 20 మంది చిన్నపిల్లలను, 6గురు పెద్దలను తుపాకితో కాల్చి చంపెను. క్రిస్మసుకు పదకొండు దినములే ఉండెను. ఆ ఊరికి ఎవరు ఏ మాట చెప్పగలరు? ఇల్లినాయ్ రాష్ట్రములోని లూథరన్ చర్చ్ చారిటీస్ అను క్రైస్తవ సంస్థవారు కొన్ని సంవత్సరములుగా ఓదార్పు కుక్కలను పెంచి పంపుచుండిరి. వారు తమ కుక్కలను ఆ ఊరికి తీసికొనిపోయిరి. గోల్డెన్ రిట్రీవర్ అను జాతివి, బంగారు వన్నె బొచ్చు గలవి, సాధువైనవి. పిల్లలు వాటి మెడ చుట్టు చేతులు వేసి కూర్చుండిరి. పెద్దవారికి చెప్పలేని మాటలు వాటి చెవిలో చెప్పుకొనిరి.

యోబు స్నేహితులు వచ్చినప్పుడు ఏడు దినములు, ఏడు రాత్రులు ఒక్క మాటయు పలుకక అతనితో నేలమీద కూర్చుండిరి. వారు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరచిన తరువాత వారు యోబును మరింత నొప్పించిరి. చావు ఇంటికి వెళ్లినప్పుడు మనమును “దేవుని చిత్తము, ఏడవకుడి” అని త్వరపడి చెప్పుదుము. తండ్రిని పోగొట్టుకొని బడికి వచ్చిన బిడ్డకు ఆ మాట రాయివలె తగులును. కుక్కకు మాటలు లేవు గనుక అది తప్పు మాట చెప్పజాలదు. ప్రక్కన మాత్రము ఉండును.

నాలుగవ మేలు, పిల్లలు దయ నేర్చుకొనుట. నీతిమంతుడు తన పశువు ప్రాణమును గూర్చి చింతించునని సామెతల గ్రంథము బోధించుచున్నది. కుక్క వచ్చు తరగతిలో పిల్లలు దాని కొరకు గొంతు తగ్గించుకొందురు. దాని గిన్నెలో నీళ్లు పోయుటకు వంతులు వేసికొందురు. తోక పట్టి లాగరాదని, నిద్రించుచున్నప్పుడు లేపరాదని ఒకరికొకరు చెప్పుకొందురు. నోరు లేని ప్రాణి బాధను గుర్తించుట నేర్చినవాడు, నోరు విప్పలేని తోటి పిల్లవాని బాధను గుర్తించుటకు దగ్గరగా వచ్చినవాడే.

అయితే ఈ మేళ్లకు హద్దులును కలవు. కుక్క అక్షరములు నేర్పదు. నేర్పవలసినవాడు ఉపాధ్యాయుడే. గట్టి దెబ్బ తగిలిన మనస్సునకు వైద్యుడు కావలెను. ఆకలిగొన్న బిడ్డకు అన్నము కావలెను. వీటికి మారుగా కుక్కను నిలుపువారు పని నెరిగినవారు కారు. అది తోడు మాత్రమే.

ఆ తోడు కూడ ఊరక దొరకదు. బడికి వచ్చు కుక్కకు ముందుగా పరీక్ష జరుగును. పెద్ద చప్పుడైనను బెదరకుండునా, పది చేతులు ఒక్కమారు మీద పడినను కసరకుండునా, నేల మీద తినుబండారము పడినను ముట్టకుండునా, వేరొక కుక్క ఎదురైనను నిలిచియుండునా అని చూతురు. టీకాలు వేయింతురు, స్నానము చేయింతురు. దానిని పిల్లలతో ఒంటరిగా విడువరు, పెంచిన మనిషి ఎల్లప్పుడు ప్రక్కన ఉండవలెను. తలిదండ్రుల సమ్మతి తీసికొందురు. కుక్క బొచ్చు పడనివారిని, కుక్క యనిన భయపడువారిని బలవంతపెట్టరు. ముట్టిన తరువాత పిల్లలు చేతులు కడుగుకొందురు. కుక్క అలసినయెడల దానికి విశ్రాంతి ఇత్తురు.

ఇది చదివి మన యౌవనస్థులెవరైనను వీధి కుక్కను పట్టి సండేస్కూలునకు తేవలదని ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము. మన దేశములో రేబీసు అను పిచ్చికుక్క వ్యాధి ఇంకను ఉన్నది. మనుష్యులకు కలుగు రేబీసులో నూటికి తొంబది తొమ్మిది వంతుల వరకు కుక్కల మూలముగానే వచ్చుచున్నదనియు, దానికి తరచుగా బలియగువారు 5 మొదలు 14 ఏండ్ల పిల్లలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. కుక్క కరచినను, గోరు గీచినను వెంటనే సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. జబ్బు లక్షణములు కనబడిన తరువాత దాదాపు ఎవరును బ్రదుకరు. పెంపుడు కుక్కకు ప్రతి సంవత్సరము టీకా వేయించుట కూడ పొరుగువాని ప్రేమించుటలో భాగమే.

“అయ్యగారూ, మన ఊరి బడికి అట్టి కుక్క రాదు గదా, ఇదంతయు మాకెందుకు?” అని మీరడుగుదురు. మంచి ప్రశ్న. ఆ కుక్క చేయు పని ఏమో మరల చూడుడి. దగ్గరకు వచ్చుట, నవ్వకుండుట, వినుట, విడిచిపోకుండుట. ఇందులో మనుష్యునికి అసాధ్యమైనది ఏది?

మా పరిధిలోని ఒక గ్రామమున ఒక ఆడుబిడ్డ ఉండెను. తలిదండ్రులు కూలికి పోవువారు, ఇద్దరికిని చదువు లేదు. ఆ బిడ్డకు మాట కొంచెము తడబడును. ఒక క్రిస్మసునాడు గుడిలో వాక్యము చదువుటకు ఆమెను నిలువబెట్టిరి. రెండవ వచనమున ఆమె చిక్కుకొనెను. వెనుక వరుసలో ఎవరో నవ్విరి. ఒకరు నవ్వగా పదిమంది నవ్విరి. ఆ మరుసటి ఆదివారము ఆమె గుడికి రాలేదు. కొన్ని దినములకు బడికిని పోవుట మానుకొనెను. తల్లి వెంట మిరప కోతకు పోసాగెను.

ఆ వీధిలోనే ఒక వృద్ధురాలు ఒంటరిగా ఉండెను. ఆమె ఒక సాయంకాలము ఆ బిడ్డను పిలిచి, “అమ్మీ, నాకు అక్షరం ముక్క రాదు, కళ్లూ మసకేశాయి. బైబిలుంది గాని చదివి పెట్టేవాళ్లు లేరు. రోజూ కాసేపు చదివి పెడతావా?” అని అడిగెను.

“తప్పులు పోతాయి అవ్వా,” అని ఆ బిడ్డ చెప్పెను.

“పోతే పోనీయమ్మా. నాకేం తెలుస్తుంది?” అని అవ్వ నవ్వెను.

ఆ బిడ్డ చదివెను. అవ్వ అరుగు మీద కాళ్లు చాపుకొని వినెను. ఒక్కొక్కప్పుడు కునుకు తీసెను. బిడ్డ ఆగినప్పుడు కన్నులు తెరచి “తర్వాత?” అనెను. అంతకు మించి ఏమియు చేయలేదు. వేసవి సెలవులు గడచు వేళకు లూకా సువార్త ముగిసెను. బడి తెరచిన దినమున ఆ బిడ్డ తానే పలక సంచి తగిలించుకొని పోయెను. మాట తడబాటు పూర్తిగా పోలేదు, ఇప్పటికిని కొంచెము ఉన్నది. భయము మాత్రము పోయెను.

పూజ్యురాలైన ఆ అవ్వను కుక్కతో పోల్చుచున్నామని ఎవరును అనుకొనవలదు. సాల్ట్ లేక్ సిటీలో కుక్క పక్కన చాప మీద ఏ మేలు దొరుకునో, మన పల్లె అరుగు మీదను అదే మేలు దొరకగలదని చెప్పుచున్నాము. మూగజీవి చేయగలిగినది మనము చేయకపోయినయెడల, ఆ దినమున ధనవంతుని వాకిట నిలిచిన కుక్కలు మన మీద సాక్ష్యము పలుకునేమో.

కాబట్టి సంఘ పెద్దలారా, గుడిలో వాక్యము చదువు బిడ్డ తడబడినప్పుడు నవ్వు వినబడకుండ చూచుట మీ బాధ్యత. సండేస్కూలు ఉపాధ్యాయులారా, వెనుక కూర్చుండు బిడ్డ ప్రక్కన వారమునకు పది నిమిషములు కూర్చుండి వినుడి. మధ్యలో దిద్దకుడి. ముగిసిన తరువాత దిద్దవచ్చును. బడిపంతుళ్లుగా పనిచేయు సహోదరులారా, 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షనులో పిల్లలను కొట్టుటయు మనస్సును హింసించుటయు నిషేధించినది. చట్టము చేతిని ఆపగలదు, నాలుకను ప్రేమయే ఆపవలెను. తలిదండ్రులారా, రాత్రి అన్నము తిన్న తరువాత మీ బిడ్డను పుస్తకము తెచ్చి చదువుమనుడి. మీకు చదువు రాకపోయినను చింతలేదు. అవ్వకును రాదు గదా. వినుటకు చదువు అక్కరలేదు.

చిన్నబిడ్డలను తనయొద్దకు రానిమ్మని చెప్పి, వారిని ఎత్తి కౌగిలించుకొని, వారి మీద చేతులుంచిన ప్రభువు వారిని పాఠము అప్పజెప్పుమని అడుగలేదు. మొదట దగ్గరకు తీసికొనెను. మనమును ఆ త్రోవనే నడుచుదుము గాక.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, కాకోలముల చేత ఏలీయాను పోషించితివి, గాడిద నోట బిలామును గద్దించితివి. నోరు లేని ప్రాణుల ద్వారా సహితము నీ కనికరమును మాకు నేర్పుచున్నావు. మా వాకిట, మా బడిలో, మా గుడి వెనుక వరుసలో సిగ్గుతో కూర్చుండియున్న బిడ్డలను చూచు కన్నులు మాకిమ్ము. వారి ప్రక్కన కూర్చుండు ఓపికను, వినునప్పుడు మౌనమును మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.